ఆయాసమంతయు ఉబ్బసము కాదు

(ఎ.కొండూరు గ్రామ సమావేశమున చేసిన ప్రసంగ పాఠము)



మన పల్లెలలో ఆయాసము అను మాటకు అర్థము చాల విశాలమైనది. ఎండలో పత్తి మూట మోసి వచ్చినవాడును ఆయాసమనును. తెల్లవారుజామున మూడు గంటలకు లేచి కూర్చుండి, గొంతులో పిల్లికూతలు వినిపించగా గాలికై తలుపు తీయువాడును ఆయాసమనును. పాదములు వాచి, రెండు మూడు దిండ్లు ఎత్తు పెట్టుకొననిదే పండుకొనలేని ముసలమ్మయు ఆయాసమనియే చెప్పును. మాట ఒక్కటే గాని, లోపలి వ్యాధులు వేరు వేరు. మందులును వేరు. ఒకరికి మేలుచేసిన మాత్ర మరియొకరికి కీడు చేయవచ్చును. ఈ భేదము తెలిసియుండుట ప్రతి గ్రామమునకును అవసరమే. అయినను ఎ.కొండూరు మండలములో దాని అవసరము మరింత ఎక్కువ. ఎందుకో మీకు మేము చెప్పనక్కరలేదు. ఈ మండలములోని తండాలలో మూత్రపిండముల వ్యాధి ఎన్ని కుటుంబములను తాకినదో మీకే బాగుగ తెలియును. ఆ సంగతికి తరువాత వచ్చెదము. మొదట ఉబ్బసము గురించియే మాటలాడుకొందము.

ఉబ్బసమనగా ఏమి? మన ఊపిరితిత్తులలో గాలి పోవు గొట్టములు చెట్టుకొమ్మల వలె చీలి చీలి, చివరకు సూదిబెజ్జమంత సన్నని దారులగుచున్నవి. ఉబ్బసము గలవారిలో ఈ దారుల లోపలి పొర ఎల్లప్పుడును కొద్దిగ కందియుండును. దుమ్ము, పొగ, పుప్పొడి, చలిగాలి, పడిశెము మున్నగువానిలో ఏది తగిలినను ఆ పొర వాచి, చుట్టునుండు కండరము బిగిసి, లోపల జిగురు గళ్ళ నిండును. దారి మూడు విధముల ఇరుకైపోవును. ఊపిరి పీల్చుటకన్న విడుచుట కష్టమగును. విడిచిన గాలి ఆ ఇరుకు సందులగుండ పోవునప్పుడు పుట్టు శబ్దమే పిల్లికూత. రాత్రివేళ, తెల్లవారుజామున ఇది హెచ్చును. ఉదయము తొమ్మిది గంటలకు వైద్యుని యొద్దకు పోవునప్పటికి రోగి చక్కగ నడచుచుండును. "వీనికేమియు లేదే!" అని చుట్టుప్రక్కలవారు అనుకొందురు. పాపము, ఆ రాత్రి కష్టము చూచినవారు ఇంటివారొక్కరే.

ఇది అంటువ్యాధి కాదు. ఒక కంచములో తిన్నను, ప్రక్కన పండుకొన్నను రాదు. కుటుంబములలో తరతరములుగ కనిపించు స్వభావము మాత్రము దీనికి కలదు. తల్లికో తండ్రికో ఉన్నయెడల బిడ్డకు వచ్చు అవకాశము హెచ్చు. అంతమాత్రమున తప్పక వచ్చునని గాదు.

2019 సంవత్సరపు ప్రపంచ వ్యాధిభార గణనలో మన దేశమునకు సంబంధించిన ఒక లెక్క కలదు. దానిని విన్నవారు ఎవరైనను ఆగి ఆలోచింపవలసినదే. భారతదేశమున ఉబ్బసము గలవారు 3 కోట్ల 40 లక్షలకు పైబడియున్నారు. ప్రపంచములోని ఉబ్బస రోగులలో వీరు నూటికి పదముగ్గురు. అయితే ఈ వ్యాధిచేత ప్రపంచమున చనిపోవువారిలో మనవారు నూటికి నలుబదిమందికి పైగా ఉన్నారు. పదమూడెక్కడ, నలుబది యెక్కడ! మన ఊపిరితిత్తులు ఇతరుల వానికన్న బలహీనమైనవి కావు. మందు లేకయు కాదు. ఉన్న మందు సరియైన వేళకు, సరియైన పద్ధతిని అందకపోవుటయే దీనికి ముఖ్య కారణము.

ఆ మందు కథ కొంత వినదగినది. మన పూర్వులకు ఉబ్బసమునకు ఉమ్మెత్త తెలియును. ఎండిన ఉమ్మెత్తాకును కాల్చి ఆ పొగను పీల్చు వాడుక మన దక్షిణదేశమున ఉండెడిది. 1802 ప్రాంతమున మదరాసులో పనిచేసిన ఒక ఆంగ్లేయ సేనాని ఆ పద్ధతిని ఇంగ్లండుకు కొనిపోయెను. ఆ తరువాత నూరేండ్లకు పైగా ఐరోపాలో ఉమ్మెత్త కూరిన సిగరెట్లను ఉబ్బసమునకు అమ్మిరి. పొగ పీల్చి ఉబ్బసము పోగొట్టుకొనుట! నేడు వినుటకు విడ్డూరముగ ఉన్నను, అందులో కొంత నిజము లేకపోలేదు. ఉమ్మెత్తలోని అట్రోపిన్ అను పదార్థము గొట్టముల బిగువును సడలించును. దానినుండియే రసాయన శాస్త్రజ్ఞులు ఇప్రాట్రోపియం అను మందును తయారుచేసిరి. నేడు ఆసుపత్రులలో తీవ్రమైన ఆయాసమునకు పట్టు ఆవిరి మందులలో అదియు ఒకటి. ఇది విని ఇంటికిపోయి ఎవరును ఉమ్మెత్త కాల్చుకొనరాదు సుమా! ఆకులోని విషము ఎంత ఉన్నదో కంటికి తెలియదు. మోతాదు మించినచో మతి చలించును, ప్రాణముమీదికి వచ్చును.

నేటి ఇన్‌హేలరు 1956లో అమెరికాలో వెలువడినది. రైకర్ అను మందుల సంస్థ అధిపతి కుమార్తెకు ఉబ్బసము. అప్పటి మందును గాజుబుడ్డిలో పోసి రబ్బరు బుడగను నొక్కి పీల్చవలసియుండెడిది. బుడ్డి పగులుట, మందు ఒకమారు ఎక్కువ, ఒకమారు తక్కువ వచ్చుట జరుగుచుండెడివి. "తలకు చల్లుకొను సువాసన డబ్బాలో పెట్టినట్లు నా మందునెందుకు పెట్టరాదు?" అని పదమూడేండ్ల ఆ బాలిక తండ్రిని అడిగెనట. ఏడాది తిరుగకముందే కొలత ప్రకారము మందు చిమ్ము డబ్బా తయారైనది. ఇన్ని తరములుగ ఇన్ని దేశములవారు జేబులో వేసికొని తిరుగుచున్నది ఆ బాలిక కోరిన వస్తువునే.

పీల్చు మందులు రెండు విధములు. ఈ భేదమునకు మా ప్రసంగములో అన్నిటికన్న ఎక్కువ విలువ ఇయ్యగోరుచున్నాము. మొదటిది అప్పటికప్పుడు ఉపశమనమిచ్చునది. సాల్బ్యుటమాల్ అను మందు ఈ జాతిది. బిగిసిన కండరమును కొద్ది నిమిషములలో సడలించును. రోగికి ప్రాణము లేచివచ్చినట్లుండును. కాని లోపలి వాపును అది తాకనైన తాకదు. రెండవది ఆ వాపును నెమ్మదిగ అణచునది. ఇది కొద్ది మోతాదు స్టెరాయిడు. పీల్చిన వెంటనే ఏమియు తెలియదు. ప్రతిదినము వాడగా కొన్ని వారములలో రాత్రి నిద్ర పట్టును, పిల్లికూతలు తగ్గును. మనవారు చేయునదేమనగా, వెంటనే గుణము కనిపించు మొదటిదానిని పట్టుకొని, గుణము కనిపించని రెండవదానిని మానివేయుదురు. ఇంటికి నిప్పంటుకొన్నప్పుడు పొగను విసనకర్రతో విసరుకొనుట వంటిది ఈ పని. ఉబ్బసమునకు మొదటి జాతి మందును మాత్రమే వాడుచు కాలము గడుపరాదని 2019 నుండి అంతర్జాతీయ వైద్య నిపుణుల మార్గదర్శక సూత్రములు స్పష్టముగ చెప్పుచున్నవి. నెలకొక ఉపశమన ఇన్‌హేలరు అయిపోవుచున్నదనిన, వ్యాధి అదుపులో లేదనియే గ్రహింపవలెను.

"అలవాటైపోవును" అను మాట మేము పోయిన ప్రతి ఊరిలోను విన్నాము. బీడీకి అలవాటగుదురు, సారాకు అలవాటగుదురు. పీల్చు మందు అట్టిది కాదు. చక్కెరవ్యాధి గలవారు దినదినము మందు వాడుట అలవాటు కానట్లే ఇదియు అలవాటు కాదు. స్టెరాయిడు అను పేరు విని భయపడువారును కలరు. పీల్చు మందులో ఆ పదార్థము మైక్రోగ్రాములలో, అనగా గ్రామును పదిలక్షల భాగములు చేసినచో వానిలో కొన్ని వందల భాగములుగ ఉండును. అదియు నేరుగ గొట్టములలోనికే పోవును. వాడిన తరువాత నోరు పుక్కిలించి ఉమ్మివేసినచో నోటిలో పూత రాదు. విచిత్రమేమనిన, దీనికి భయపడు మనుష్యుడే ఆయాసము వచ్చినప్పుడెల్ల సూది వేయించుకొనుటకు భయపడడు! ఆ సూదిలోను, పొట్లములు కట్టి ఇచ్చు పేరులేని చూర్ణములలోను ఉండునది పలుమారు అదే స్టెరాయిడు, అంతకు ఎన్నియో రెట్లు. మాటిమాటికి అది ఒంటిలోనికి పోయినచో ముఖము ఉబ్బును, ఎముకలు గుల్లబారును, చక్కెరవ్యాధి పైనబడును. సీసాపై పేరులేని మందును, ఇచ్చువాడు పేరు చెప్పని సూదిని నిరాకరించుటకు రోగికి హక్కు కలదు.

ఆడపిల్లల విషయము ఒకటి చెప్పవలెను. పెండ్లిచూపులు దగ్గరపడిన పిల్ల చేతిలో ఇన్‌హేలరు ఎవరైన చూతురేమోయని తల్లిదండ్రులే దాచివేయుచున్నారు. అత్తవారింటికి పోయిన పిల్ల మందు మానుకొని, కట్టెలపొయ్యి పొగలో కూర్చుండి, కడుపుతో ఉన్నప్పుడు ఆయాసము ముదిరి ఆసుపత్రికి చేరుట కలదు. గర్భవతికి పీల్చు మందు ఆపవలసిన పనిలేదు. ఆపుటయే తల్లికిని బిడ్డకును ప్రమాదము. దాచినంతలో వ్యాధి దాగదు. మందు మాత్రమే దాగును.

ఇక చేప ప్రసాదము మాట. మృగశిర కార్తె ప్రవేశించు దినమున హైదరాబాదులో బత్తినివారి కుటుంబము పంచు చేప మందును గూర్చి విననివారు తెలుగునాట లేరు. 1845 నుండి తమ వంశమున ఇది జరుగుచున్నదని ఆ కుటుంబమువారు చెప్పుదురు. చిన్న కొర్రమీను పిల్ల నోటిలో పసుపుపచ్చని ముద్దను ఉంచి రోగిచేత బ్రతికియుండగనే మ్రింగించుదురు. చేప తినని వారికి బెల్లముతో ఇత్తురు. మన ప్రాంతమునుండియు పోయి వచ్చినవారు ఈ సభలో ఉండవచ్చును. ఒకరి విశ్వాసమును ఎగతాళి చేయుట మా అభిమతము గాదు. అయితే ఆ ముద్ద ఉబ్బసమును కుదుర్చునని శాస్త్రీయ పరీక్షలలో రుజువు కాలేదు. జన విజ్ఞాన వేదిక వంటి సంఘములు ఆ సంగతిని పలుమారు ఎత్తిచూపినవి. మొదట మందు అనబడినది నేడు ప్రసాదమని పిలువబడుచున్నది.

మరి కొందరికి తగ్గినదే యని అడుగవచ్చును. ఉబ్బసము తనంత తాను తగ్గి, తనంత తాను తిరుగబెట్టు స్వభావము కలది. చిన్నపిల్లలలో పలువురికి పెరిగిన కొలది ఆయాసము శాంతించును. తగ్గు కాలమున ఏ ముద్ద మ్రింగినను ఆ ముద్దకే కీర్తి వచ్చును. అందుచేత పోవలెనా మానవలెనా అనునది మీ ఇష్టము. మా మనవి ఒక్కటే: ప్రసాదము తీసికొన్నామని ఇన్‌హేలరును ఇంటిలో పారవేసి పోవలదు. ప్రయాణపు సంచిలో మొదట వేయవలసినది అదియే. జనసమ్మర్దములో, తొలకరి చెమ్మగాలిలో, గంటల తరబడి వరుసలో నిలుచుండువారికి ఆయాసము రాకయుండునని ఎవరు చెప్పగలరు?

పొగ సంగతి మన స్త్రీలకు నేరుగ సంబంధించినది. కట్టెలు, పిడకలు, పత్తికట్టె మండించిన వంటింటిలో ఇరువది ముప్పది ఏండ్లు గడపిన స్త్రీకి, జన్మలో బీడీ ముట్టకున్నను, పొగత్రాగువానికి వచ్చు ఊపిరితిత్తుల వ్యాధియే వచ్చును. దీనిని వైద్యులు సి.ఓ.పి.డి. అందురు. ఉబ్బసము వచ్చి పోవుచుండును. ఇది వచ్చినది పోదు, ఏటేట కొంచెము కొంచెముగ దారిని మూసివేయును. ఇండ్లలోని వంటపొగ మూలమున 2020లో ప్రపంచమున 32 లక్షలమంది మరణించిరని ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్కకట్టినది. 1999లో మన రాష్ట్రమున దీపం పథకము, 2016లో కేంద్రమున ఉజ్జ్వల పథకము వచ్చినవి. 2024లో దీపం రెండవ దశ క్రింద ఏడాదికి మూడు సిలిండర్లు ఉచితముగ ఇయ్యబడుట మొదలైనది. గ్యాసు పొయ్యి నేడు చాల ఇండ్లలో కలదు. కాని టీకి గ్యాసు, అన్నమునకు కట్టెలు, స్నానపు నీళ్ళకు కట్టెలు అని పంచుకొనుచున్నారు. ఇంటిలో ఆయాసము గలవారున్నచో నీళ్ళ పొయ్యిని వాకిటికి, గాలివాటునకు దూరముగ మార్చుటయైనను చేయవలెను.

దోమల చక్రమును గూర్చియు ఒక మాట. 2003లో ప్రచురింపబడిన ఒక పరిశోధనలో, ఒక చక్రము కాలి ముగియునప్పటికి వెలువడు సన్నని మసి 75 నుండి 137 సిగరెట్ల మసికి సమానమని కొలిచిరి. తలుపులు మూసి, పసిబిడ్డ తలప్రక్కన దానిని వెలిగించుచున్నాము. దోమతెర ఖరీదు ఒకసారి ఖర్చు, పొగ లేదు.

ఈ ప్రాంతపు పనులలోను జాగ్రత్త పడవలసినవి కలవు. పత్తి ఏరి ఇంటిలో నిలువచేయునప్పటి నుసి, మిరప కల్లములో తొడిమలు తీయునప్పటి ఘాటు, మొక్కజొన్న నూర్పిడి ధూళి, మామిడి తోటలలో మందు చల్లునప్పటి తుంపర, ఇవి ఉబ్బసమును రేపును. ముక్కుకు అడ్డముగ పలుచని తువాలు కట్టుకొన్నంతమాత్రమున సన్నని ధూళి ఆగదు. కోవిడు కాలమున మనమందరము నేర్చిన మాస్కు ఇక్కడను పనికివచ్చును. గట్లమీద పెరుగు వయ్యారిభామ మొక్క ఒకటి. ఈ కలుపు మన దేశములో 1955 ప్రాంతమున పూనాలో మొదట కంటబడినది. ఇప్పుడు అది లేని గట్టు లేదు. పూతకు రాకముందే, చేతికి తొడుగు వేసికొని పెరికివేయవలెను. పుప్పొడి శక్తి తక్కువదని భావింపకుడు. 2016 నవంబరు 21వ తేదీన ఆస్ట్రేలియాలోని మెల్బోర్న్ నగరమున ఉరుముల వాన కురిసిన సాయంత్రము, గడ్డి పుప్పొడి వానగాలికి చిట్లి సన్నని పొడియై వ్యాపించగా, వేలమంది ఒక్కమారుగ ఆయాసముతో ఆసుపత్రులకు పరుగెత్తిరి. పదిమంది చనిపోయిరి. వారిలో పలువురు నిత్య మందును వాడనివారే.

ఇప్పుడు మొదట ఆపిన సంగతికి వచ్చెదము. ఎ.కొండూరు తండాలలో వ్యాపించిన మూత్రపిండ వ్యాధికి మూలకారణమును శాస్త్రజ్ఞులు ఇంకను నిర్ధారించవలసియున్నది. భూగర్భ జలముపై అనుమానము కలదు. కృష్ణాజలమును గొట్టముల ద్వారా ఈ గ్రామములకు తెచ్చు పని అందుచేతనే చేపట్టబడినది. శ్రీకాకుళము జిల్లా ఉద్దానములోను ఇటువంటి వ్యాధియే ఉన్నది. 2023 డిసెంబరులో పలాసలో మూత్రపిండ పరిశోధన కేంద్రము, 200 పడకల ఆసుపత్రి ప్రారంభమైనవి. ఇవన్నియు ప్రభుత్వము చేయవలసిన పనులు. ఆయాసమునకును దీనికిని గల సంబంధము మాత్రము ప్రతి ఇంటిలోను తెలియవలెను.

మూత్రపిండములు చెడినప్పుడు ఒంటిలోని నీరు బయటికి పోక నిలిచిపోవును. ఆ నీరు పాదములలో చేరినప్పుడు వాపు అందుము. ఊపిరితిత్తులలో చేరినప్పుడు ఆయాసము అందుము. రక్తము తగ్గిపోవుటవలన నాలుగడుగులు నడచినను రొప్పు వచ్చును. రాత్రి పండుకొనిన ఊపిరాడదు, లేచి కూర్చుండిన కొంత నయము. ఇది చూచి ఇంటివారు ఉబ్బసమనుకొని, చేప ప్రసాదమో, పసరో, సూదియో వెదకుచు వారములు గడుపుట ఎంత ప్రమాదమో ఆలోచింపుడు. ఆ వారములలోనే డయాలిసిస్ అవసరము వచ్చియుండవచ్చును. గుండె బలహీనమైనవారిలోను ఇదే విధమగు ఆయాసము కనిపించును.

కనిపెట్టుట ఎట్లు? తెలిసికొనుటకు కొన్ని గురుతులు కలవు. చిన్ననాటినుండి వచ్చి పోవుచు, పిల్లికూతలతో, తుమ్ములతో, ఋతువు మారినప్పుడు హెచ్చునది సాధారణముగ ఉబ్బసము. నలుబది ఏండ్లు దాటిన తరువాత మొదటిమారు వచ్చిన ఆయాసమును, కాళ్ళ వాపుతోడను, ఉదయమున కనురెప్పల ఉబ్బుతోడను, మూత్రము తగ్గుటతోడను, వాంతి వికారములతోడను కూడిన ఆయాసమును ఉబ్బసమని ఎవరు చెప్పినను నమ్మవలదు. రక్తపోటు చూపించుకొని, మూత్రపరీక్షయు, రక్తములో క్రియాటినిన్ పరీక్షయు చేయించుకొనవలెను. తిరువూరు ప్రభుత్వ ఆసుపత్రికి పోవుటకు పట్టు సమయము ఎంత? ఒక పూట కూలి పోవునని వెనుదీయువారున్నారు. ఆ పూట పోయినందువలన మిగులు పూటలు ఎన్నియో లెక్కవేయవలెను.

నొప్పి మాత్రల విషయమున ఉబ్బస రోగియు, మూత్రపిండ రోగియు ఒకే పడవలో ఉన్నారు. నడుము నొప్పికి, కీళ్ళ నొప్పికి మనవారు దుకాణమున అడిగి తెచ్చుకొను డైక్లోఫినాక్, ఐబుప్రొఫెన్ వంటివి బలహీనమైన మూత్రపిండములను మరింత చెరచును. ఉబ్బసము గల పెద్దవారిలో నూటికి సుమారు ఏడుగురికి ఆస్పిరిన్ జాతి మాత్రలు తీవ్రమైన ఆయాసమును తెప్పించును. కాయకష్టము చేయువారికి నొప్పులు తప్పవు. అది మేమెరుగుదుము. కాని వైద్యుడు చెప్పని నొప్పి మాత్రను, నొప్పి సూదిని ఈ మండలమున ఎవరును తేలికగ తీసికొనరాదు. జ్వరమునకు, నొప్పికి తగు మోతాదులో పారాసిటమాల్ ఇంతకన్న క్షేమకరము. రక్తపోటు మందులలోను కొన్ని ఉబ్బసమునకు పడవు. కావున ఏ వైద్యుని యొద్దకు పోయినను "నాకు ఉబ్బసము కలదు" అనియు, "మా ఇంటిలో మూత్రపిండ వ్యాధి కలదు" అనియు అడుగకముందే చెప్పవలెను.

దగ్గు రెండు వారములు దాటినచో క్షయకై గళ్ళ పరీక్ష చేయించవలెను. పరీక్షయు మందును ప్రభుత్వ ఆసుపత్రులలో ఉచితము. చికిత్స పొందువారికి పౌష్టికాహారమునకై 2018 నుండి నెలకు 500 రూపాయలు ఇచ్చుచుండగా, 2024 నవంబరునుండి అది 1000 రూపాయలైనది.

మరియొక మాయ దగ్గు కలదు. రాత్రివేళ పొడిదగ్గు, పిల్లికూత, కొద్దిపాటి జ్వరము, బరువు తగ్గుట, అచ్చముగ ఉబ్బసమువలెనే ఉండును గాని, ఇన్‌హేలరుకు పూర్తిగ లొంగదు. బోదకాలు పుట్టించు పురుగు పిల్లలను మన ఒళ్ళు ఎదిరించు పోరాటములో ఊపిరితిత్తులు పడు బాధ అది. రక్తములో ఇసినోఫిల్ కణములు విపరీతముగ పెరుగుటనుబట్టి 1943లో ఈ వ్యాధికి ప్రత్యేకముగ పేరు పెట్టిరి. దీనికి నేటికిని వాడు ముఖ్యమైన మందు డైఇథైల్ కార్బమజీన్. ఆ మందు మన భీమవరమున 1895లో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావుగారి నాయకత్వమున అమెరికాలోని లెడర్లీ ప్రయోగశాలలో 1947 నాటికి రూపొందినది. మరుసటి ఏడే ఆయన కన్నుమూసిరి. గోదావరి తీరపు బోదకాలును బాల్యమునుండి ఎరిగిన ప్రాంతపు బిడ్డ చేతిమీదుగ ఆ మందు రావలసివచ్చుట మనకు గర్వకారణము. ఉబ్బసమని ఏండ్ల తరబడి బాధపడువారిలో ఒక చిన్న రక్తపరీక్షతో, మూడు వారముల మాత్రలతో కుదురువారును కొందరుందురు.

పసిపిల్లల డొక్కలు ఎగురుచున్నచో ఆలస్యము కూడదు. బిడ్డ నిదానముగ ఉన్నప్పుడు పొట్ట కదలికను చూచి నిమిషము నిండ ఊపిరులు లెక్కింపుడు. రెండు నెలల లోపు బిడ్డకు 60, ఏడాది లోపు బిడ్డకు 50, ఆపై అయిదేండ్ల లోపు బిడ్డకు 40, ఈ సంఖ్యలను తాకినను దాటినను అది న్యుమోనియా కావచ్చును. ఆశా కార్యకర్తకు ఈ లెక్క తెలియును. దీనిని అడ్డు టీకా 2021 నాటికి దేశమంతటను ఉచిత టీకాల పట్టికలో చేరినది. పొట్టమీద వాతలు పెట్టుట ఇంకను అక్కడక్కడ ఉన్నదని వినుచున్నాము. ఆ పసివాడు ఊపిరాడక ఏడ్చుచుండగా కాల్చిన ఇనుమును తాకించుట ఏ వైద్యము?

ఆయాసము ముదిరినప్పుడు చేయవలసినది ఇది. ఒక వాక్యము పూర్తిగ పలుకలేకపోవుట, పక్కటెముకల మధ్య చర్మము లోనికి గుంజుకొనిపోవుట, పెదవులు నీలివర్ణము దాల్చుట, పిల్లికూత ఆగిపోయినను బాధ తగ్గకుండుట, ఇవి ప్రాణాపాయపు గురుతులు. ఇవి కనబడిన వెంటనే 108కి ఫోను చేయవలెను. మనిషిని పండుకొనబెట్టరాదు. ముందునకు వంగి కూర్చుండబెట్టవలెను. చుట్టు మూగరాదు. ఉపశమన ఇన్‌హేలరును ఒక్కొక్కటిగ నాలుగుమార్లు నొక్కి ఇచ్చి, నాలుగు నిమిషములు ఆగి, తగ్గనిచో మరల నాలుగు ఇయ్యవలెను. వాహనము వచ్చువరకు ఇదే క్రమమును సాగింపవలెను.

ఇన్‌హేలరు వాడుట చూచుటకు సులభము, చేయుటకు కొంత నేర్పు కావలెను. డబ్బాను బాగుగ ఊపి, ఊపిరి పూర్తిగ విడిచి, పెదవులు బిగించి, నెమ్మదిగ పీల్చుట మొదలిడి అప్పుడే నొక్కవలెను. పీల్చిన పిమ్మట పది లెక్కించువరకు ఊపిరి బిగబట్టవలెను. పలువురు నొక్కిన తరువాత పీల్చుదురు. అప్పుడు మందు నాలుకమీదనే నిలిచిపోవును. పిల్లలకు, ముసలివారికి ఈ సమయము కుదరదు. వారికి స్పేసరు అను గొట్టము అమ్ముదురు. కొనలేనివారికి ఒక ఉపాయము కలదు. 1999లో దక్షిణాఫ్రికాలోని కేప్‌టౌన్ వైద్యులు అర లీటరు నీళ్ళ ప్లాస్టిక్ సీసా అడుగున ఇన్‌హేలరు మూతి పట్టునంత రంధ్రము చేసి, సందు లేకుండ అతికించి, ఆయాసముతో వచ్చిన పిల్లలకు దానితో మందు ఇచ్చి చూచిరి. కొన్న స్పేసరుతో సమానముగ అది పనిచేసెను. సీసాను సబ్బునీటితో కడిగి, తుడువక నీడలో ఆరబెట్టవలెను. బిడ్డ సీసా మూతిని నోట కరచి అయిదారు ఊపిరులు మామూలుగ తీసికొనిన చాలును. ఇన్‌హేలర్లు జన ఔషధి దుకాణములలో తక్కువ ధరకు దొరకును.

వేదిక ప్రక్క బల్లమీద కడిగి ఆరబెట్టిన సీసాలు, కత్తెర, అతుకు పట్టీ ఉంచినాము. ఆరోగ్య కార్యకర్త అక్కయ్యగారు ఒక సీసా చేసి చూపెదరు. ఇన్‌హేలరు ఉన్నవారు దానిని చేతపట్టుకొని వచ్చి, తాము రోజు వాడు విధముననే ఒకమారు వాడి చూపవలసినదిగ కోరుచున్నాము. చిన్నపిల్లల తల్లులు ముందు రావచ్చును. కాళ్ళ వాపు ఉన్నవారి పేర్లు రెండవ బల్లయొద్ద వ్రాసికొని, అక్కడనే రక్తపోటు చూచెదరు.